కొలిమి గది నుంచి మద్రాసు రహస్య స్థావరం దాకా: దాదా అమీర్ హైదర్ ఖాన్ జీవనయానం

పుచ్చలపల్లి సుందరయ్య పేరు తెలియని తెలుగువారు అరుదు. కానీ నెల్లూరు జిల్లా అలగానిపాడుకు చెందిన ఆ యువకుణ్ణి తొలిసారి కమ్యూనిస్టు ఉద్యమం వైపు నడిపించిన వ్యక్తి రావల్పిండి జిల్లాలో పుట్టి, పద్నాలుగేళ్ళ వయసులో ఓడ ఎక్కి, కొలిమి గదిలో బొగ్గు మోసిన నావికుడని తెలిసినవారు తక్కువ. 1932లో మద్రాసు పోలీసులకు చిక్కేనాటికి ఆయన శంకర్ అన్న మారుపేరుతో తిరుగుతున్నారు. అసలు పేరు అమీర్ హైదర్ ఖాన్. తర్వాతి తరాలవారు గౌరవంగా దాదా అని పిలిచారు.

ఆయన 1900లో పొటోహార్ పీఠభూమిలోని సాలియాఁ ఉమర్ ఖాన్ అనే కుగ్రామంలో జన్మించారు. నేడది పాకిస్తాన్ పంజాబులో ఉంది. మెట్ట నేల, వాన మీద ఆధారపడిన సేద్యం, చిన్న చిన్న కమతాలు. అక్కడి కుటుంబాలకు నికరమైన ఆదాయమంటే కొడుకును పట్టాళంలో చేర్చడమే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ఇండియా సైన్యానికి అత్యధికంగా మనుషులను అందించిన ప్రాంతాలలో రావల్పిండి ఒకటి. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న అమీర్ హైదర్‌ను పెద్దలు మదరసాలో చేర్పించారు. ఆ బాలుడు అక్కడ నిలవలేదు. ఇల్లు విడిచి బొంబాయి చేరాడు. 1914లో యుద్ధం మొదలైన రోజుల్లోనే బ్రిటిష్ వర్తక నౌకలో పని సంపాదించాడు.

పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఓడలో చోటు దొరకడం ఆనాడు వింతేమీ కాదు. యుద్ధం నావికులను మింగుతోంది, బ్రిటిష్ కంపెనీలకు మనుషులు కావాలి. 1914 నాటికే బ్రిటిష్ వర్తక నౌకల్లో యాభై వేలకు పైగా భారతీయ నావికులు పనిచేస్తున్నారు. వారిని లస్కర్లు అనేవారు. ఆ మాట మనకు కొత్తది కాదు. నీటిపారుదల శాఖలో కాలువ గట్టు వెంట తిరుగుతూ తూములు చూసుకొనే ఉద్యోగిని ఇప్పటికీ లస్కరు అనే అంటారు. పర్షియన్ నుంచి వచ్చిన ఒకే పదం ఒకచోట కాలువను, మరొకచోట సముద్రాన్ని పట్టుకొని మిగిలింది.

లస్కర్ల కొలువు సారంగు చేతుల్లో ఉండేది. నౌకాశ్రయంలో మనుషులను పోగుచేసేది, ఓడలో పని చేయించేది, జీతంలో వాటా కోసేది ఆయనే. సాధారణంగా తన ఊరివారిని, తన బంధువులను వెంట తెచ్చుకొనేవాడు. ఓడపైన తెరచాపలు, తాళ్ళు, లంగరు చూసేవారొక వర్గం. వంటశాల, భోజనశాల చూసేవారొక వర్గం. అడుగున యంత్రాల గదిలో ఆవిరి పుట్టించేవారు మూడో వర్గం. ఈ మూడో వర్గంలోకి పంజాబు, మీర్పూరు, సిల్హెట్ ప్రాంతాల మనుషులు ఎక్కువగా వచ్చేవారు. అమీర్ హైదర్ చేరింది వీరిలోనే.

బొగ్గుతో నడిచే ఓడలో ఆ పని ఎలా ఉండేదో నేటివారు ఊహించడం కష్టం. బొగ్గు నిలవ ఉంచే అరల్లో దుమ్ము, చీకటి. అక్కడి నుంచి తోపుడు బండ్లలో బొగ్గును కొలిమి ముందుకు చేర్చేది ఒకరు, పారతో కొలిమిలో చల్లి, ఇనుప గడ్డపారతో నిప్పులు కదిపి, బూడిద లాగేది మరొకరు. నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విరామం, మళ్ళీ నాలుగు గంటలు, ఇలా రాత్రింబవళ్ళు. ఎర్ర సముద్రం దాటేటప్పుడు కొలిమి వేడికి తోడు వాతావరణపు వేడి. స్పృహ తప్పి పడిపోయేవారిని పైకి మోసుకొచ్చి నీళ్ళు చల్లేవారు. ఇంత చేసినా లస్కరు జీతం అదే ఓడలోని తెల్ల నావికుడి జీతంలో మూడో వంతు, ఒక్కొక్కప్పుడు ఇంకా తక్కువ. పడుకునే చోటు, తినే తిండి సైతం వేరే ఒప్పందం ప్రకారం తక్కువగానే కొలిచి ఇచ్చేవారు.

యుద్ధం దీనికి మరో భయాన్ని జోడించింది. 1917 ఫిబ్రవరి నుంచి జర్మనీ జలాంతర్గాములు వర్తక నౌకలను హెచ్చరిక లేకుండానే ముంచడం ప్రారంభించాయి. టార్పెడో తగిలేది నీటి మట్టానికి దిగువన. అక్కడే కొలిమి గది ఉంటుంది. ఓడ పైనున్నవాడికి పడవలోకి దూకే కొన్ని నిమిషాలైనా దక్కుతాయి. కింద ఉన్నవాడికి ఇనుప నిచ్చెన, వెంట తరిమే నీరు, పగిలిన బాయిలర్ ఆవిరి. ఆ యుద్ధంలో 3,427 మంది లస్కర్లు మరణించారని, సుమారు 1,200 మంది బందీలయ్యారని లెక్క. కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున ఉన్న లస్కర్ల స్మారకం 1924లో వెలసింది. బెంగాలు, అస్సాములకు చెందిన 896 మందికి అది గుర్తు. నగరవాసుల్లో సైతం చాలామంది అది ఎవరిదో తెలియకుండానే దాని పక్కగా సాగిపోతుంటారు.

ఈ యుద్ధాన్ని అమీర్ హైదర్ ప్రాణాలతో దాటారు. అది పూర్తి కాకముందే, 1918లో, న్యూయార్కు రేవులో బ్రిటిష్ ఓడ దిగి మళ్ళీ ఎక్కలేదు. ఇలా దిగిపోవడాన్ని బ్రిటిష్ చట్టం నేరంగా చూసేది. కానీ అమెరికా 1915లో చేసిన నావికుల చట్టం, తమ రేవుల్లో ఓడ విడిచిన నావికుణ్ణి పట్టి అప్పగించే పద్ధతిని రద్దు చేసింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఓడ కూలీలకు అది తెరుచుకున్న తలుపు. అమీర్ హైదర్ అమెరికా వర్తక నౌకల్లో చేరారు. పని అదే అయినా వేతనం వేరు, తోటి పనివాడు పిలిచే తీరు వేరు. ఒకే పారకు, ఒకే కొలిమికి జెండాను బట్టి ధర మారుతుందని ఆయనకు పుస్తకం చదవకుండానే తెలిసింది.

ఆ కాలంలో పరిచయమైన జోసెఫ్ మల్కేన్ అనే ఐరిష్ జాతీయవాది ఆయన చూపును మార్చాడు. ఐర్లండు అప్పుడు బ్రిటన్ మీద తిరగబడుతోంది. తెల్లవాడైన ఒక మనిషి బ్రిటిష్ పాలనను ద్వేషించడం, ఆ ద్వేషానికి కారణాలు వివరించడం పొటోహార్ కుర్రవాడికి కొత్త అనుభవం. సామ్రాజ్యమన్నది తెలుపు, నలుపుల తగాదా మాత్రమే కాదన్న తలపు అక్కడ మొదలైంది. 1920లో న్యూయార్కులో గదర్ పార్టీవారు తారసపడ్డారు. 1913లో అమెరికా పడమటి తీరపు పంజాబీ రైతులు, కూలీలు, విద్యార్థులు స్థాపించిన ఆ సంస్థ యుద్ధకాలంలో తీవ్ర అణచివేతను చవిచూసింది. దాని పత్రికలు, పాటల పుస్తకాలు తపాలాలో భారతదేశం చేరే అవకాశం లేదు. తనిఖీ అధికారులు ప్రతి కట్టనూ విప్పి చూసేవారు. నావికుడి సంచిని మాత్రం ఎవరు విప్పుతారు? గదర్ కీ గూంజ్ ప్రతులను రేవు రేవునా ఉన్న భారతీయులకు అందించే పనిని అమీర్ హైదర్ తలకెత్తుకున్నారు. చదువు అంతంతమాత్రమైన కొలిమి కూలీ, అచ్చు అక్షరాల రవాణాదారుగా మారడం ఆయన జీవితంలో మొదటి మలుపు.

యుద్ధం ముగిశాక ఓడలు మిగిలాయి, సరుకు తగ్గింది. కంపెనీలు జీతాలు కోశాయి. 1921లో అమెరికా నావికులు పెద్ద సమ్మె చేసి ఓడిపోయారు. ఆ సమ్మె దరిమిలా అమీర్ హైదర్‌కు ఓడల్లో చోటు లేకుండా పోయింది. సముద్రం వదిలిన కొలిమి పనివాడికి నేల మీద దొరికే పని ఏది? ఆవిరి ఉన్న చోటే. రైల్వే కర్మాగారంలో బాయిలర్ల పని నేర్చుకున్నారు. తర్వాత మోటారు కార్ల నగరమైన డెట్రాయిట్ చేరారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తేల్చింది. రంగును బట్టి మనిషిని కొలిచే తూకం బ్రిటిష్ ఓడతో ఆగలేదని ఆ తీర్పు చెప్పింది. సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘంలోనూ, అమెరికా వర్కర్స్ పార్టీలోనూ ఆయన చురుకైన కార్యకర్త అయ్యారు. ఆ పార్టీయే ఆయనను మాస్కోలోని ప్రాచ్య శ్రామికుల విశ్వవిద్యాలయానికి పంపింది.

1926 నుంచి 1928 వరకు అక్కడ చదువు. బడి మానేసి పారిపోయిన బాలుడు ఇరవై ఆరేళ్ళ వయసులో విశ్వవిద్యాలయపు బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆయన మనసు పుస్తకం కంటే మనిషి మీద ఉండే రకం. చదువు ముగిసిన వెంటనే బొంబాయి చేరారు. 1928 బొంబాయి అంటే మిల్లు కార్మికుల బొంబాయి. లక్షన్నర మంది ఆరు నెలల పాటు మగ్గాలు ఆపి నిలిచిన సంవత్సరమది. ఎస్.వి. ఘాటే, డాంగే, బెన్ బ్రాడ్లీ వంటివారితో కలిసి ఆయన మిల్లు కార్మికుల మధ్య పనిచేశారు.

1929 మార్చి 20న దేశవ్యాప్తంగా పోలీసులు విరుచుకుపడి 31 మందిని అరెస్టు చేసి మీరట్‌కు తరలించారు. అదే మీరట్ కుట్ర కేసు. అమీర్ హైదర్ పేరు కూడా నిందితుల్లో ఉంది, మనిషి మాత్రం దొరకలేదు. పదిహేనేళ్ళు రేవుల్లో బతికినవాడికి ఏ ఓడ ఎప్పుడు కదులుతుందో, ఏ సారంగు ప్రశ్నలు అడగడో తెలుసు. పోలీసుల కన్నుగప్పి దేశం దాటి మాస్కో చేరి, అక్కడి అంతర్జాతీయ నాయకత్వానికి భారతదేశపు పరిస్థితి వివరించారు. 1930లో ఎర్ర కార్మిక సంఘాల అంతర్జాతీయ మహాసభలో పాల్గొన్నారు. అక్కడే ఉండిపోయి ఉంటే సుఖంగా కాలం గడిచేదేమో. 1931లో తిరిగివచ్చారు. బొంబాయిలో ముఖం తెలిసినవారు ఎక్కువ. అందుకని పార్టీ ఆయనను మద్రాసుకు పంపింది.

మద్రాసులో తమిళం రాదు, తెలుగు రాదు. పొడుగాటి పంజాబీ ముస్లిం, పేరేమో శంకర్. మీరట్ వారంటు మెడ మీద కత్తిలా వేలాడుతోంది. అయితే ఆ నగరం ఎర్ర జెండాకు పూర్తిగా కొత్తది కాదు. 1923లోనే సింగారవేలు చెట్టియారు సముద్రతీరాన మే దినోత్సవం జరిపారు. పెరంబూరులో రైల్వే కర్మాగారాలు, బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులు ఉన్నాయి. లేనిది మనుషులను ఒకచోట కట్టే సంస్థ. అమీర్ హైదర్ యువ కార్మికుల సంఘాన్ని స్థాపించారు. కాంగ్రెసు సత్యాగ్రహాల్లో జైలుకు వెళ్ళివచ్చి, ఇక తర్వాత ఏమిటన్న ప్రశ్నతో ఉన్న యువకులను వెతికి పట్టుకోవడం ఆయన ఎంచుకున్న మార్గం.

అలా తారసపడినవారిలో ఒకరు సుందరయ్య. 1913లో పుట్టిన ఆయనకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని బాల నేరస్థుల జైలులో శిక్ష అనుభవించి వచ్చారు. గాంధీ మార్గంపై గౌరవం ఉంది. ఊళ్ళో వ్యవసాయ కూలీల బతుకు మాత్రం ఆ మార్గంలో ఎప్పటికి మారుతుందన్న సందేహమూ ఉంది. భూస్వామ్య కుటుంబంలో పుట్టిన ఆ యువకుడికి అమీర్ హైదర్ చెప్పిన సిద్ధాంతం కంటే, చెబుతున్న మనిషి ఎక్కువ పాఠం అయి ఉండాలి. కార్మికవర్గం గురించి మాట్లాడేవారు చాలామంది ఉంటారు. అరచేతుల్లో పార కాయలతో వచ్చి మాట్లాడేవారు ఎందరు? తన జీవితచరిత్రలో సుందరయ్య ఈ పరిచయాన్ని కృతజ్ఞతతోనే నమోదు చేశారు.

మద్రాసు కార్యక్షేత్రం ఎక్కువ కాలం సాగలేదు. భగత్ సింగ్, రాజగురు, సుఖదేవ్‌లను కీర్తిస్తూ కరపత్రం వెలువరించినందుకు 1932లో అమీర్ హైదర్‌ను అరెస్టు చేశారు. యువ కార్మికుల సంఘం ఆయన లేకుండా నిలదొక్కుకోలేకపోయింది. సంఖ్యల లెక్కన చూస్తే మద్రాసులో ఆయన సాధించింది స్వల్పమే. అయితే 1934లో సుందరయ్య పార్టీలో చేరారు. అదే ఏడాది ఆంధ్రలో పార్టీ శాఖ రూపుదిద్దుకుంది. దక్షిణాది బాధ్యత మోసిన సుందరయ్య కేరళలో కృష్ణపిళ్ళై, నంబూద్రిపాద్‌ల వరకు ఆ తీగను అల్లారు. ఒక రహస్య కార్యకర్త కొద్ది నెలలు నాటిన విత్తు ఇంతదూరం పాకిందని చెప్పడం అతిశయోక్తి కాదు. ఉద్యమ చరిత్రలు మాత్రం సాధారణంగా కాలేజీ చదువుల నాయకులతో మొదలవుతాయి. బొగ్గు మోసినవాడి పేరు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆ తర్వాత ఆయన జీవితం ఎక్కువగా గోడల మధ్యే గడిచింది. మధ్యలో కొద్దిపాటి విరామం మినహా 1938 వరకు జైళ్ళే. మద్రాసు రాష్ట్రం నుంచి ముజఫర్‌గఢ్‌కు, అక్కడి నుంచి అంబాలాకు. విడుదలై బొంబాయి చేరి, రాష్ట్ర కాంగ్రెసు కమిటీకి ఎన్నికయ్యారు. ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మొదటి యుద్ధంలో పద్నాలుగేళ్ళ బాలుడి చేతులు సామ్రాజ్యానికి అవసరమయ్యాయి. రెండో యుద్ధంలో అవే చేతులు బయట ఉండటం ప్రమాదమని తోచింది. నాసిక్ జైల్లో పెట్టారు. అప్పుడే, 1939 శరత్కాలంలో, బ్రిటన్ రేవుల్లో లస్కర్లు జీతం పెంచనిదే ఓడ కదలదని సమ్మెకు దిగడం గమనార్హం. పావు శతాబ్దం క్రితం ఊహకు కూడా అందని పని అది.

నాసిక్ జైలులో అమీర్ హైదర్ తన జీవితకథ రాయడం మొదలుపెట్టారు. బాల్యం, సారంగులు, కొలిమి గదులు, రేవు పట్టణాల వసతి గదులు, సమ్మెలు. భారతీయ లస్కరు జీవితాన్ని లోపలి నుంచి, ఇంత విపులంగా చెప్పిన రచనలు వేళ్ళ మీద లెక్కించదగినవే. ఓడ కంపెనీల దస్తావేజుల్లో లస్కరు ఒక అంకె, ఒక వేలిముద్ర. ఇక్కడ అతడు ఆకలి, సిగ్గు, కోపం, కుతూహలం ఉన్న మనిషి.

సోవియట్ యూనియన్‌పై జర్మనీ దాడితో కమ్యూనిస్టు పార్టీ యుద్ధాన్ని ప్రజాయుద్ధమని సమర్థించింది. దాంతో 1942లో నిర్బంధంలోని కమ్యూనిస్టులు విడుదలయ్యారు, అమీర్ హైదర్ కూడా. క్విట్ ఇండియా ఉద్యమంలో కాంగ్రెసువారు జైళ్ళకు వెళుతున్న వేళ ఆ విధానం పార్టీకి తెచ్చిన అప్రతిష్ఠ చిన్నది కాదు. ఆయన పార్టీ మాటకు కట్టుబడ్డారు. 1945లో నేత్రకోణలో జరిగిన అఖిల భారత కిసాన్ సభకు హాజరై, తర్వాత రావల్పిండిలో పార్టీ కార్యాలయ బాధ్యత స్వీకరించారు.

రావల్పిండికి వెళ్ళిన కాలం దారుణమైనది. 1947 మార్చిలో ఆ జిల్లా గ్రామాలు హిందువులు, సిక్కుల రక్తంతో తడిశాయి. ఆగస్టు తర్వాత మిగిలినవారు సర్దుకొని బయలుదేరారు. దశాబ్దాలుగా వెంట నడిచిన హిందూ సహచరులను క్షేమంగా సరిహద్దు దాటించే పనిలో అమీర్ హైదర్ నిమగ్నులయ్యారు. ఆయన మాత్రం అక్కడే ఉండిపోయారు. బొంబాయి మిల్లులు, మద్రాసు మిత్రులు, సుందరయ్య, అందరూ ఒక్కసారిగా పరాయి దేశంవారయ్యారు. ఆయన నాటిన తీగ తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటమై సాగుతున్న సమయంలో ఆయనకు దానిలో పాలుపంచుకొనే దారి లేదు.

కొత్త దేశం పాత అలవాటును కొనసాగించింది. 1949లో పార్టీ కార్యాలయంలోనే అరెస్టు, పదిహేను నెలల నిర్బంధం. బయటికి వచ్చి, అరెస్టయిన హసన్ నాసిర్, అలీ ఇమామ్‌ల తరఫున వకీళ్ళను ఏర్పాటు చేయడానికి కచేరీ చుట్టూ తిరుగుతుండగా మళ్ళీ అరెస్టు. ఈ హసన్ నాసిర్ మన హైదరాబాదువాడు. సంపన్న కుటుంబంలో పుట్టి, విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి కార్మికోద్యమంలో దిగాడు. 1960 నవంబరులో లాహోర్ కోటలో నిర్బంధంలోనే మరణించాడు. ఆత్మహత్య అన్నారు అధికారులు, చిత్రహింస అన్నారు సహచరులు. హైదరాబాదు నుంచి వెళ్ళిన తల్లి, తవ్వి తీసిన శరీరం తన కొడుకుది కాదని తేల్చి చెప్పి తిరిగివచ్చింది. అదే కోటలో, 1951 రావల్పిండి కుట్ర కేసు నాటి అరెస్టుల వెల్లువలో, అమీర్ హైదర్ కూడా గడిపారు. విడుదల చేశాక ఊరు దాటరాదన్న ఆంక్షతో స్వగ్రామానికి పంపారు. 1958లో అయూబ్ ఖాన్ సైనిక పాలన రాగానే మరోసారి జైలు.

ఎవరినీ ఊరు దాటనివ్వకపోతే వారు ఊళ్ళోనే ఏదో ఒకటి చేస్తారు. బడి నుంచి పారిపోయిన ఊళ్ళో అమీర్ హైదర్ బడి కట్టడానికి పూనుకున్నారు. స్థలం ఆయనదే. కూలీలతో పాటు తానూ రాళ్ళు మోశారు, గోడ లేపారు. ఓడలో, రైల్వే కర్మాగారంలో, మోటారు ఫ్యాక్టరీలో పనిచేసిన చేతులకు పనిముట్లు కొత్త కావు. మగపిల్లల ఉన్నత పాఠశాల పూర్తయ్యాక ఆడపిల్లల బడికి పూనుకున్నారు. దానిలో విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల ఉండాలని పట్టుబట్టి ఏర్పాటు చేశారు. ఆ ప్రాంతంలో ఆడపిల్లను అక్షరాలు దిద్దించడానికే పంపని ఇళ్ళు ఉన్న రోజులవి.

జైల్లో మొదలైన జీవితకథ అచ్చుకు రావడానికి సుమారు అర్ధ శతాబ్దం పట్టింది. హసన్ గర్దేజీ సంపాదకత్వంలో 'చెయిన్స్ టు లూజ్' పేరుతో తొలుత ఢిల్లీలో, 2007లో కరాచీ విశ్వవిద్యాలయపు పాకిస్తాన్ అధ్యయన కేంద్రం నుంచి వెలువడింది. ఆయన వదిలి వెళ్ళక తప్పని దేశంలో ముందు, నిలిచిపోయిన దేశంలో తర్వాత.

1989 డిసెంబరు చివరి వారంలో రావల్పిండిలోని ఆసుపత్రిలో అమీర్ హైదర్ ఖాన్ కన్నుమూశారు. బెర్లిన్ గోడ కూలి అప్పటికి ఏడు వారాలు. సుందరయ్య మరణించి నాలుగున్నరేళ్ళు.